మా చెల్లి సంబంధం, మా ఆయన ప్రార్థన

ఆ రోజుల్లో మంచివాడి పెళ్లాంగా బతకడం ఎంత కష్టమో ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు. మా ఆయన పోయాక సంఘంవాళ్లు జ్ఞాపకార్థ కూటం పెట్టి, ఒక్కొక్కరే లేచి ఆయన భక్తి గురించీ సేవ గురించీ చెబుతుంటే నేను ముందు వరసలో కూర్చుని తలూపాను. అన్నీ నిజాలే. టాటానగర్ స్టేషన్లో బండి దిగి దిక్కులు చూస్తున్న తెలుగువాడు ఎవరు కనబడినా జంషెడ్‌పూర్ కాసిడీహ్‌పేటలోని మా ఒంటిగది ఇంటికి తీసుకొచ్చేసేవారు. (తీసుకొచ్చింది ఆయన. వండింది ఎవరని ఆ కూటంలో ఒక్కరూ అడగలేదు.) కారఖానాలో హిందీవాళ్లు ఆయన్ని ప్రేయర్ దాదా అనేవారు. ఎవరి పిల్లకి జ్వరం వచ్చినా, ఏ మతంవాళ్లయినా సరే, డ్యూటీ దిగి తిన్నగా వాళ్లింటికే వెళ్లేవారు. మా ఇంటి సంగతి తర్వాత. ఇవన్నీ వాళ్లు చెప్పారు గనక నేను మళ్లీ చెప్పను. వాళ్లెవరికీ తెలియనిది ఒకటుంది, అది చెబుతాను. నాకు యాభై ఏళ్లు దాటాక అక్షరాలు వచ్చాయి. ఇది రాసి ఆయన మీద కసి తీర్చుకోవడానికే వచ్చాయేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది.

నా పెళ్లినాటికే మా అమ్మానాన్నా లేరు. చెల్లి నాతోపాటే జంషెడ్‌పూర్ వచ్చేసింది. ఆయన దాన్ని కన్నకూతురిలా చూశారు, ఆ మాట ఒప్పుకోకపోతే నా నోట్లో పురుగులు పడతాయి. చిన్నప్పుడు జ్వరమొచ్చి దాని ఎడమ చెవికి వినికిడి పోయింది. జీతం అందగానే సైకిలు మీద కూర్చోబెట్టుకుని బిష్టుపూర్‌లో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవారు. చెవి మాత్రం రాలేదు. ఆ చెవి సంగతి తెలిసి రెండు సంబంధాలు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాయి. రెండోది పోయిన రోజున చెల్లి అన్నం తినకుండా పడుకుంది. ఇక మూడోది. కుర్రాడు ఆదిత్యపూర్ వైపు ఒక రేకుల కారఖానాలో పని చేస్తున్నాడు, వాళ్ల నాన్న కూడా అందులోనే. ఆదివారం ఆరాధన అయ్యాక వస్తామన్నారు. ఇది కూడా పోతే ఈ పిల్లకి ఇక పెళ్లి కాదని నేను గట్టిగా అనుకున్నాను. అందుకే ఏర్పాటు నేనే చేశాను. చెల్లి కుర్చీని దాని ఎడమ చెవి గోడవైపు ఉండేలా వేశాను, ఎవరు మాట్లాడినా కుడివైపు నుంచే మాట్లాడాలని. అది తప్పని ఇప్పటికీ అనను. పెళ్లయ్యాక మెల్లిగా తెలుస్తుంది కదా.

"బాద్ మే, పెళ్లయినాక తెలిత్తే ఏటవుద్దక్కా?" అంది చెల్లి.

"నువ్వు చుప్ కూకో" అన్నాను. అసలు భయం దాని గురించి కాదు. ఆయన్ని పక్కకి పిలిచాను. "ఏటండీ, వాళ్ళొచ్చినప్పుడు చెవి సంగతి ఎత్తకండి."

"నేనెందుకు ఎత్తుతానే?"

"మీ నోరు నాకు తెల్దేటి? ఒట్టెయ్యండి."

"మనం ఒట్లు ఎయ్యకూడదు. సెప్పనంటే సెప్పను. ఏ మనిషికీ సెప్పను, సరా?"

సరే అనుకున్నాను. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషిని, ఆ మాటని కొంచెం తిప్పి చూసుకోవద్దూ?

ఆదివారం వచ్చారు. కుర్రాడు నెమ్మదస్తుడిలాగే ఉన్నాడు. వాళ్లమ్మ భారీ మనిషి, గొంతు మనిషికంటే భారీ. ఇంట్లో మాటలన్నీ ఆవిడవే. వాళ్లాయన మాత్రం బంగారం. ఏమడిగినా చిరునవ్వు నవ్వి తలూపేవాడు. "టీ తాగుతారా అన్నయ్యగారూ, కాఫీయా?" అన్నా తలూపాడు. "ఆయనకి టీయే అమ్మా" అని ఆవిడ అందుకుంది. ఎంత సాధువో, పెళ్లాన్నే మాట్లాడనిస్తున్నాడు అనుకుని మా ఆయన వైపు ఒక చూపు చూశాను కూడా. అరగంట గడిచింది. గోడ తన పని చేస్తోంది, చెల్లి అన్నిటికీ చక్కగా జవాబు చెబుతోంది. అప్పుడు ఆవిడ, "పిల్ల నచ్చింది. ఇంక మాటాడుకుందుము గాని, ముందు బ్రదరు గారు ప్రార్థన సెయ్యండి" అంది.

మా వాళ్లలో ఏ మంచి మాటకైనా ముందు ప్రార్థన ఉండాలి. అది మొదలయ్యాక కళ్లు తెరవకూడదు, లేవకూడదు, మధ్యలో అడ్డు తగలకూడదు. ప్రార్థించేవాళ్లు ఏమన్నా పక్కవాళ్లకి అనడానికి ఉన్న మాట ఆమెన్ ఒక్కటే. ఆయన లేచి నిలబడి కళ్లు మూసుకున్నారు. ప్రేమగల తండ్రీ అన్నారు, ఈ రెండు కుటుంబాల్నీ దీవించు అన్నారు, కుర్రాడి ఉద్యోగాన్ని కాపాడు అన్నారు. బాగానే ఉంది, ఇక్కడితో ఆపితే చాలు అనుకుంటున్నాను. "ప్రభువా, ఈ నీ బిడ్డ ఎడమ చెవిని నీ చేతితో ముట్టుము" అన్నారు.

ముగించెయ్యమని అర్థమయ్యేలా "ఆమెన్" అన్నాను. ఆయనకి అది హుషారు ఇచ్చింది. "అవును తండ్రీ, చిన్ననాడు జ్వరములో పోయిన చెవి తండ్రీ" అన్నారు. ఇంకా గట్టిగా "ఆమెన్" అన్నాను. "మందులన్నీ వాడితిమి, డాక్టరు చేతులెత్తేసినాడు, నీకు అసాధ్యమైనది లేదు" అని గొంతు పెంచారు. కళ్లు మూసుకునే తడుముకుంటూ ఆయన కాలు గిల్లాను. "స్తోత్రం" అని ఒక అరుపు అరిచి, మొదటి రెండు సంబంధాలు ఎందుకు పోయాయో కూడా ప్రభువుకి విన్నవించి, అప్పుడు ముగించారు.

కళ్లు తెరిచాను. చెల్లి తల దించుకుని ఉంది. కుర్రాడు వాళ్లమ్మ మొహం చూస్తున్నాడు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటోంది. అప్పుడు ఆ సాధువు, అరగంటగా తలూపుతున్న పెద్దమనిషి, మొదటిసారి నోరు తెరిచాడు.

"ఏటి? బ్రదరు ఏటంతన్నాడు?"

ఆవిడ ఊరుకోమని చెయ్యి చూపించింది. ఆయన ఊరుకోలేదు. "పిల్లకేటన్నా అయ్యిందా?" అని మళ్లీ అడిగాడు. ఇక తప్పక ఆవిడ ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, కాసిడీహ్ అంతా వినేలా అరిచింది: "పిల్లకి ఎడం చెవి ఇనపడదంట!"

"అంతేనేటి?" అన్నాడు ఆయన. "నాకు రెండూ ఇనపడవు గదా."

రేకుల కారఖానా చప్పుడుకి ఆయన చెవులు ఎప్పుడో పోయాయి. పిల్ల తరపువాళ్లకి తెలిస్తే, కుర్రాడూ అదే కారఖానాలో ఉన్నాడు కదా, రేపు వీడూ ఇంతే అని వెనక్కి తగ్గుతారని ఆవిడ ఆయనకి నవ్వి తలూపమని నేర్పి తీసుకొచ్చిందట. నేను గోడని వాడుకున్నాను, ఆవిడ మొగుణ్నే వాడుకుంది. చెల్లి తలెత్తి ముందు ఫక్కున నవ్వింది, తర్వాత కుర్రాడు నవ్వాడు. ఆవిడ మా ఆయనతో, "మా ఇంట్లో అందరం కేకలేసుకునే మాటాడుకుంతాం బ్రదరు గారూ. మీ పిల్లకేం కట్టముండదు" అంది. భోజనాలయ్యేసరికి సంబంధం ఖాయమైంది.

వాళ్లు వెళ్లగానే ఆయన మీద పడ్డాను. "ఏ మనిషికీ సెప్పనన్నారు."

"ఏ మనిషికి సెప్పినాను? ప్రభువుకి సెప్పుకున్నాను."

"ప్రభువుకి తెల్దేటి ఆ సెవి సంగతి?"

"తెలుసు. వాళ్ళకే తెల్దు" అన్నారు.

ఆ మాట మీద నేను వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. చెల్లి పెళ్లి కుదిరిందని ఇంటికి వచ్చేవాళ్లు వస్తున్నారు, మిఠాయి తింటున్నారు, నేను మాత్రం మూతి ముడుచుకుని తిరుగుతున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నాకు కనబడేది ఆ ఆదివారం సాయంత్రం, అప్పటి నేను. కుళాయి దగ్గర ఒక పిల్ల కూర్చుని, మొగుడి మీద కోపమంతా పులావు గిన్నె మీద చూపిస్తూ అడుగు అరిగిపోయేలా తోముతోంది. పక్కనే ఆ మొగుడు లుంగీ ఎగ్గట్టుకుని, తోమిన ప్రతి గిన్నెనీ అందుకుని, కడిగి బోర్లిస్తున్నాడు. ఒక్కసారి పక్కకి తిరిగి చూడవే అని దానితో చెప్పాలనిపిస్తుంది. ఆ మొండిది తిరగదు. దాని ధ్యాసంతా ఆ గిన్నె మీదే.