పిన్ని చేతిగుణం

కెటిల్ అడుగున పేరుకున్న తెల్లటి సుద్దను గోకుతుంటే, పోయిన మా అవ్వ మీద ఇన్నేళ్ల తర్వాత కూడా ఒళ్లు మండింది.

వాకాడు దగ్గర మా ఊళ్లో ఇంటికి బోరు నీళ్ల కుళాయి వచ్చిన నెలలోనే చిన్నాన్న పెళ్లి చేసుకుని సంగం నుంచి పిన్నిని తెచ్చాడు. అంతవరకు ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు మోసిన అవ్వ, ఆ కుళాయిని ఒక్క మాట అననిచ్చేది కాదు. పిన్ని వండిన పప్పు మాత్రం ఉడికేది కాదు.

"ఏందిమే, పొద్దుననగా పెట్టినావు, ఇంకా పలుకులుగానే ఉండాదే!"

"పుల్లలన్నీ అయిపోయినాయి అత్తా, ఉడకడంలా."

"పుల్లల్నెందుకంటావు? అది చేతిగుణం. పో, మీ అమ్మ దగ్గర నేర్చుకోనిరా!"

ఆరేళ్ల నన్ను తోడిచ్చి పుట్టింటికి పంపింది. సంగంలో పెన్న నీళ్లు పోసి పిన్నే పప్పు పెట్టింది. కాసేపటికే వెన్నలా మెదిగింది. నాకు అంతా అయోమయం. ఆమె అరచేతులు తిప్పి తిప్పి చూశాను.

"పిన్నీ, మంచి చెయ్యి ఇక్కడే పెట్టొచ్చినావా? ఈసారి మా ఊరికి తెచ్చుకో."

వాళ్లమ్మ పడీపడీ నవ్వింది. పిన్ని నవ్వలేదు, తన చేతినే చూసుకుంటూ ఉండిపోయింది.

నీళ్లలో సున్నముంటే పప్పు ఉడకదని నా అంతట నేను చదివి తెలుసుకునేసరికి పిన్ని కూడా పోయింది. బతికినన్నాళ్లూ పప్పు పొయ్యి మీద పెట్టే ముందు ఆమె చేతులు రెండుసార్లు కడుక్కునేది, ఆ కుళాయి నీళ్లతోనే.