రోడ్డు మీద గీసిన డ్యాం

మా సోషల్ సారు పోయారని పోయిన నెల ఫోను వచ్చింది. అప్పుడు నేను తరగతిలో ఉన్నాను. పిల్లలకు ముఖం చూపించలేక కాసేపు బోర్డు వైపే తిరిగి నిలబడ్డాను.

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె జరిగిన ఏడు నేను కొడకండ్లలో పదో తరగతి. బళ్ళు మూతపడ్డాయి. ఊరంతా రోడ్డెక్కి అక్కడే వంటావార్పు పెట్టుకుంది. సారు జేబు ఎప్పుడూ చాక్‌పీసు పొడితో తెల్లగా ఉండేది, సమ్మెలోనూ అంతే. "బంద్ బడికే గని సదువుకు కాదు" అంటూ, అన్నం ఉడికేలోపు మమ్మల్ని తారురోడ్డు మీదే కూర్చోబెట్టి పాఠం చెప్పేవారు.

ఆ రోజు బ్రెజిల్, పరాగ్వే దేశాల మధ్య పరానా నది మీద కట్టిన ఇతైపు డ్యాం పాఠం. చాక్‌పీసుతో రోడ్డంత వెడల్పున నది, దానికి అడ్డంగా డ్యాం, వెనక నీళ్ళు నిలిచే జలాశయం గీశారు. "గీ ఒడ్డు ఒక దేశం, గా ఒడ్డు ఇంకోటి. కరెంటు చెరిసగం."

అప్పుడే మా నాయనమ్మ తండా నుంచి వచ్చి, సరిగ్గా ఆ జలాశయం మధ్యలో నిలబడింది. బడి లేదు కదా, నన్ను పత్తి ఏరే కూలికి తీసుకుపోదామని వచ్చింది. మా తండాలో అలా పోయిన ఆడపిల్ల మళ్ళీ బడి మొహం చూడలేదు. ఆ సంగతి సారుకూ తెలుసు.

నాయనమ్మ కాళ్ళ కింది గీతలు చూసింది. "నీళ్ళు గింత దూరం నిలవడితే, గాడున్నోళ్ళు ఏడికి వోయిన్రు సారూ?"

సారు తల గోక్కున్నారు. "తెల్వదవ్వా. పుస్తకంల లేదు. ఎతికి చెప్త. గప్పటిదాంక పిల్లను బడి మాన్పియ్యకు."

"సరే. జవాబు చెప్పినంక తోల్కపోత" అంది. మా నాయనమ్మ మాటంటే మాటే.

తర్వాత ఆయన ఎక్కడ కనిపించినా అడిగేది. "ఎతుకుతున్ననవ్వా, జర ఆగు" అనేవారు. నాకు పది అయింది, ఇంటర్ అయింది, డిగ్రీ కూడా అయింది. ఇంత చదివిన మనిషికి ఒక్క జవాబు దొరకదా అని నాయనమ్మ తండా అంతా చెప్పి నవ్వేది. నాకూ అలాగే అనిపించేది. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

నాకు టీచరు ఉద్యోగం వచ్చిన రోజు సారు మిఠాయి పొట్లంతో తండాకు వచ్చారు. "దొరికిందవ్వా. గా డ్యాంల భూములు మునిగిన రైతులు పరిహారం కోసం డేరాలేసుకొని కూసున్నరట, మన లెక్కనే. కొందరికి భూమి దొరికింది, కొందరు చెట్టుకొకరు పుట్టకొకరు అయిన్రు."

"గింత ముచ్చటకు గిన్నేండ్లా?" అంది నాయనమ్మ. సారు నవ్వి మిఠాయి పొట్లం ఆమె చేతిలో పెట్టారు.

సారు పోయిన పదకొండో రోజున లింగాల ఘనపూర్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. సారు భార్య ఆయన అట్లాసు తెచ్చి నా చేతిలో పెట్టింది. దక్షిణ అమెరికా పేజీలో ఒక మడిచిన కాగితం. ఆయన చేతిరాతలో అదే జవాబు ఉంది. కింద వేసిన తేదీ, ఆ సమ్మె నెలదే.

మడత విప్పుతుంటే కాస్త చాక్‌పీసు పొడి నా ఒళ్ళో రాలింది.