ట్యూబులైటు కింద వంకాయరంగు

ఇప్పటికీ మధ్యాహ్నం కాస్త కునుకు పడితే చాలు, నేను ఆ బిల్డింగులోనే నడుస్తుంటాను. రెండు వైపులా దుకాణాలు, పైన వరసగా ట్యూబులైట్లు, కింద నున్నటి గచ్చు, కొత్త గుడ్డల గంజి వాసన. ఎంత నడిచినా బయటి గుమ్మం రాదు. భయం మాత్రం వేయదు. ఎవరో ఒకావిడ నా పక్కనే నడుస్తూ ఉంటుంది. మెలకువ వచ్చాక కాసేపు ఏ ఊళ్లో ఉన్నానో తెలియదు.

డెబ్బైల మొదట్లో బెజవాడ వన్‌టౌన్‌లో అదొక పాత ధాన్యం గోడౌను. యజమాని అందులో చెక్క అడ్డాలు కట్టించి, ఇరవై దుకాణాలు చేసి, బట్టల వాళ్లకి అద్దెకిస్తానన్నాడు. ఎండా వానా తగలకుండా బజారంతా ఒకే కప్పు కింద ఉంటుందన్నాడు. ఊరు నవ్వింది. బట్టల కొట్టంటే రోడ్డు మీదికి అరుగుండాలి, గుమాస్తా దారిన పోయేవాళ్లని పిలవాలి, గోడౌనులో దూరి చీర ఎవరు కొంటారు అన్నారు. అలా నవ్వినవాళ్లలో మా బావగారు మొదటివారు. ఆయన మా ఆయనకి అన్నగారు, రోడ్డు మీద పెద్ద బట్టల కొట్టు ఆయనది. మా ఆయన ఆ కొట్లోనే గుడ్డలు కొలుస్తూ ఉండేవారు.

లోపల దుకాణం తీసుకోమని పోరింది నేనే. చల్లపల్లి దగ్గర వ్యవసాయం ఇంట్లో పుట్టినదాన్ని, వ్యాపారం గురించి నాకేం తెలుసు? ఒక్క సంగతి తెలుసు. రవికె గుడ్డ కొనాలంటే రోడ్డు మీద మగ గుమాస్తాల ముందు నిలబడి, నా ఒంటికి ఎంత గుడ్డ పడుతుందని అడగడం ఆడవాళ్లకి ప్రాణం మీదికి వచ్చేది. వీధికి కనబడని చోట ఒక ఆడమనిషి కూర్చుని రవికె గుడ్డలే అమ్మితే ఎందుకు కొనరు? నెల రోజులు నా పోరు పడలేక ఆయన ఒప్పుకున్నారు.

"సరే, దసరా దాకా చూద్దాం. నడవకపోతే మళ్లీ అన్నయ్య కొట్టుకే," అన్నారు.

నడవకపోతే ఆయన అన్నగారి కొట్టుకి వెళ్తారు, నేను ఉమ్మడి వంటింట్లోకి వెళ్తాను. తెల్లారి లేచి ఎవరెవరికి ఏం వండాలో తోడికోడళ్లతో వాదులాడుకుంటూ బతుకంతా గడపాలి. ఆ దుకాణం నాకు కావాలి. అంత గట్టిగా నేను ఇంకేదీ కోరుకోలేదు.

ఉగాదికి తెరిచాం. మాది చిట్టచివరి దుకాణం. లోపల పొద్దుటికీ సాయంత్రానికీ తేడా తెలిసేది కాదు, ఎప్పుడు చూసినా అదే తెల్లటి వెలుగు. బయట వాన కురిసి వెలిసిపోయినా, వచ్చేవాళ్ల చేతుల్లో తడి గొడుగులు చూసి తెలుసుకోవడమే. నా వెనక అరల నిండా రంగులు, ఆకుపచ్చల్లోనే పదహారు రకాలు. బేరం లేని మధ్యాహ్నాలు వాటి వంక చూస్తూ కూర్చుంటే కళ్లు తెరుచుకునే నిద్రపోయినట్టుండేది. ఎక్కడో ఎవరో గుడ్డ చించిన చప్పుడు, తర్వాత మళ్లీ నిశ్శబ్దం. అంత సుఖం నేను మళ్లీ ఎరగను.

ఒకటే చిక్కు. మా వైపు ఆడవాళ్లు ఎండలో చూడందే గుడ్డ కొనరు. వీధిలోకి పట్టుకెళ్లి, ఎండకేసి చాచి, అటూ ఇటూ తిప్పి, అప్పుడు తల ఊపాలి. రోడ్డు మీది కొట్టుకి అది రెండడుగులు. మా దగ్గర్నుంచి అయితే పందొమ్మిది దుకాణాలు దాటాలి. దాటేలోగా పందొమ్మిది చోట్లా పిలిచేవాళ్లు, ఇటు రండమ్మా, అంతకంటే మంచిది చూపిస్తామని. నా గుడ్డ ఎవరి బల్ల మీదో వదిలేసి, అక్కడే కొనుక్కుని వెళ్లిపోయేవాళ్లు. ఎండలోకి వెళ్లిన మనిషి తిరిగి రాదని మూడు నెలల్లో నాకు బాగా తెలిసొచ్చింది.

ఆ కడుపుమంటలో ఉండగా, శ్రావణంలో, పామర్రు నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. కొడుకు పెళ్లట. ఇంటి ఆడపిల్లలు ఏడుగురికీ ఒకే వంకాయరంగు చీరలు తీశారట, వాటి మీదికి ఏడు రవికె గుడ్డలు కావాలి. ట్యూబులైటు కింద చీర పక్కన గుడ్డ పెట్టి చూశాను. అచ్చం అదే రంగు. ఆవిడ ఎండలో చూసుకొస్తానని లేవబోయారు. ఏడు గుడ్డల బేరం, లేవనిస్తానా?

"ఎండెందుకు పిన్నిగారూ, నా కన్ను చాలదూ? తేడా వస్తే తెచ్చి నా మొహాన కొట్టండి," అన్నాను.

ఆవిడ నవ్వి కూర్చున్నారు. నేను గబగబా చించి కట్టేశాను.

పెళ్లయిన పది రోజులకి మళ్లీ వచ్చారు. కుట్టించిన ఏడు రవికెలూ బల్ల మీద ఒకదాని మీద ఒకటి పెట్టి, చీర చేత్తో పట్టుకుని, "ఒకసారి బయటికి రామ్మా," అన్నారు. వెళ్లాను. ఎండలో చీర వంకాయరంగే. రవికె ఇటుక ఎరుపు. మార్చుకునే వ్యవధి లేక ఆ ఏడుగురూ పందిట్లో అలాగే వరసగా నిలబడ్డారట.

"మొహాన కొట్టడానికి రాలేదులే. ఆడమనిషివి కూర్చున్నావని నమ్మాను. మగాడు చెప్తే వినేదాన్ని కాదు," అన్నారావిడ.

తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. ఏడు కొత్త గుడ్డలు ఎండలోనే చూపించి చేతిలో పెట్టాను. ఆవిడ బస్సుకి టైమైందని వెళ్లిపోయారు. ఆ రోజు నేను అన్నం తినలేదు.

దసరా ఇంకా నెలన్నర ఉంది. మర్నాటి నుంచి నేనే గద్దె దిగాను. ఎవరు గుడ్డ ఏరుకున్నా దాన్ని విప్పి ఆవిడ భుజం మీద వేసి, "పదండి, ఎండలో చూద్దాం," అని పక్కనే నడిచేదాన్ని. దుకాణం మనిషి కొనేవాళ్ల వెంట నడవడం అంతకు ముందు ఎవరూ చూడలేదు. ఎదురు దుకాణాయన "ఊరేగింపు బయల్దేరింది" అనేవాడు. మా ఆయనకి తల కొట్టేసినట్టుండేది.

"అమ్ముతున్నావా, సాగనంపుతున్నావా?" అని విసుక్కునేవారు.

"మీరు కూర్చోండి. నడిచే కాళ్లు నావేగా," అనేదాన్ని. నాకు నోరెక్కువని మా పుట్టింటివాళ్లే ఒప్పుకుంటారు.

అయితే భుజాన నా గుడ్డ, పక్కన నేను ఉండగా ఆ మనిషిని పిలవడానికి ఎవరికీ నోరు రాలేదు. ఎండలో రంగు తప్పితే తప్పిందని నేనే చెప్పి, వెనక్కి తీసుకొచ్చి ఇంకోటి తీసేదాన్ని. మెల్లగా మిగతావాళ్లూ అదే పని మొదలుపెట్టారు. భుజాన గుడ్డ ఉన్నవాళ్లని పిలవకూడదని ఎవరూ రాసి పెట్టలేదు, బిల్డింగంతటికీ అదే కట్టుబాటైపోయింది. పదకొండింటికి గుమ్మం బయట చూడాలి. బందరు వైపు నుంచి చేపల వ్యాపారం చేసుకునే ఆడవాళ్లు, పల్లెల నుంచి రైతుల ఇళ్లవాళ్లు, అందరూ పసుపూ ఎరుపూ చిలకపచ్చా ఎండకి పట్టుకుని, ఒకళ్ల గుడ్డ ఒకళ్లు మెచ్చుకుంటూ నిలబడేవాళ్లు. దారిన పోయేవాళ్లు ఆగేవాళ్లు, ఆగి లోపలికి వచ్చేవాళ్లు. తర్వాతి ఏళ్లలో యజమాని వెనక స్థలం కలిపాడు. ఇరవై దుకాణాలు అరవై అయ్యాయి, ఆ పైన మెట్లు, ఇంకో అంతస్తు వచ్చాయి. నవ్విన ఊరే పండగలకి పిల్లల్ని తీసుకుని ఊరికే చూసిపోవడానికి వచ్చేది.

అదంతా తర్వాతి మాట. దసరా నాటికి మా బేరం అప్పుడప్పుడే పుంజుకుంటోంది. ఆ దసరా వెళ్లిన మర్నాడు నేను ఒక కొత్త పెళ్లికూతురితో ఎండలోకి వెళ్లి తిరిగొస్తున్నాను. మా దుకాణంలో బావగారు కూర్చుని ఉన్నారు. రెండడుగుల దూరంలోనే ఆగాను.

"దసరా గడువైపోయింది. కట్టెయ్యరా ఇంక. తాళాలిటివ్వు, యజమానికి నేను అప్పజెప్తా," అంటున్నారు.

మా ఆయన తల వంచుకుని గుడ్డ మడత పెడుతున్నారు. అన్నగారి మాటకి ఆయన ఎదురు చెప్పగా నేనెన్నడూ వినలేదు. అయిపోయింది అనుకున్నాను.

"షాపు తనదన్నయ్యా," అన్నారు తల ఎత్తకుండానే. "ఎండలోకి వెళ్లింది. వచ్చాక తననే అడుగు."

మా ఇంట్లో తమ్ముడి భార్య బావగారి ఎదుట పడి మాట్లాడదు, ఆయనా ఆవిడతో మాట్లాడరు. నేను కాపరానికొచ్చి ఆరేళ్లు, ఏం చెప్పాలన్నా తలుపు చాటునుంచే. బావగారు తిరిగి నన్ను చూశారు.

"ఏమంటావమ్మా?" అన్నారు.

"ఉంటానండీ," అన్నాను.