తుపాకుల ఆట నేర్పిన ఇంగ్లీషు

2022 మే నెల, రెండో మంగళవారం. అనంతపురంలో ఒక ఆసుపత్రి, మెడికల్ ఐసీయూ. ఉన్నవాళ్ళు: ఏడో మంచం మీద రామాంజి, ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి, ఆయన భార్య ఆదిలక్ష్మమ్మ, కూతురు కవిత, ఆదిలక్ష్మమ్మ తమ్ముడు ఓబులేసు, కేరళ నుంచి వచ్చిన డ్యూటీ డాక్టరమ్మ, హెడ్ నర్సుగా నేను.

ఆనాటి డైరీ పేజీ ఇలాగే మొదలవుతుంది. డ్యూటీ దిగగానే ఎవరెవరు ఉన్నారో ముందు రాసుకుని, తరువాత జరిగింది రాయడం నా అలవాటు. రిటైరయ్యాక కూడా అది మానలేదు.

రామాంజికి ఏళ్ళుగా షుగరు ఉంది. గుంటమగ్గంలో కూర్చుని కాలితో చెక్కలు తొక్కేవాడికి పాదం మీద పుండు లేస్తే పని ఆపాలి. పెళ్ళిళ్ళ కాలం కదా అని ఆయన గుడ్డ చుట్టుకుని తొక్కుతూనే ఉన్నాడు. మా దగ్గరికి తెచ్చేసరికి సెప్సిస్ అయింది. అంటే పుండులోని విషం రక్తమంతా పాకి, ఒక్కొక్క అవయవం పనిచేయడం మానుకుంటుంది. మూత్రపిండాలు ఆగిపోయాయి. బీపీని మందులతో నిలబెడుతున్నాం. ముక్కుకు ఆక్సిజన్ ఉంది. తెలివి మాత్రం వస్తూ పోతూ ఉండేది. తెలివి వచ్చినప్పుడల్లా ఒకటే మాట, "ఇంటికి పోదాం."

ఆ మాట ఎందుకో మా వైపు వాళ్ళకు చెప్పనక్కరలేదు. బయట పోయిన మనిషిని గడప దాటించి లోపలికి తేరు, వీధిలోనే ఉంచుతారు. అందుకే కొన ఊపిరి ఉండగానే ఇల్లు చేరాలని అందరూ కోరుకుంటారు.

వార్డులో మాకొక పద్ధతి ఉండేది. ప్రోగ్నోసిస్, అంటే జబ్బు ఎటు పోతుందన్న అంచనా, మంచిది కాకపోతే పేషెంటుతో వచ్చినవాళ్ళలో మగమనిషిని ఒక్కడినే బయటికి పిలిచి చెప్పేవాళ్ళం. ఇంట్లోవాళ్ళకు అతడే చెప్పుకుంటాడు. సోమవారం ఓబులేసును అలాగే పిలిచాం. డాక్టరమ్మ ఇంగ్లీషులో చెప్పింది, నేను తెలుగులో చెప్పాను. "ఆశ లేదప్పా. ఒకటి రెండు రోజులే. ఇంటికి తీసుకపోతామంటే ఇప్పుడే తీసుకపోండి." అతను తలూపాడు. భుజం మీది టవలుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు.

మంగళవారం మధ్యాహ్నం ఆదిలక్ష్మమ్మ నవ్వుమొహంతో నా దగ్గరికి వచ్చింది. "బెంగుళూరికి తీసుకపోతే బాగయితాడంట కదా సిస్టరమ్మా! మా తమ్ముడు ఆంబులెన్సు మాట్లాడను పోయినాడు."

ఓబులేసు కోసం వరండాలోకి వెళ్ళి చూశాను. లేడు. తిరిగి వచ్చేసరికి ఏడో మంచం దగ్గర కవిత డాక్టరమ్మకు అడ్డంగా నిలబడి ఉంది. పొద్దున్నుంచీ ఆ పిల్ల కనబడిన ప్రతి నర్సునూ తండ్రి సంగతి అడిగిందట. అందరూ, "మీ మామను అడుగు" అన్నారట. పద్ధతి అదే కదా.

"డాక్టర్, నో లై," అంటోంది కవిత. "మై ఫాదర్, హెల్త్ హౌ మచ్ లెఫ్ట్? రివైవ్ పాజిబుల్?"

డాక్టరమ్మ ముందు తెల్లబోయింది. తరువాత, "యూ ప్లే?" అని అడిగింది. అవి ఫోన్లో ఆడే తుపాకుల ఆటలోని మాటలనీ, తన తమ్ముడూ రోజంతా అదే ఆడతాడనీ ఆమె నాకు తరువాత చెప్పింది. కవిత తలూపింది. డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుని, ఆ పిల్లకు తెలిసిన మాటల్లోనే మెల్లగా చెప్పింది.

"నో రివైవ్. మెడిసిన్స్ ఓన్లీ హోల్డింగ్. నాట్ హీలింగ్."

"ఇఫ్ వీ గో బెంగుళూరు?"

"జోన్ ఈజ్ క్లోజింగ్. ఆన్ ద రోడ్."

కవిత నా వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళు లేవు. "ఆటలో మనం నిలబడే జాగా సుట్టూ గిరి ఉంటాది సిస్టరమ్మా, అదే జోన్. అది సిన్నదయితా వస్తాది. బయటుంటే సచ్చిపోతాం. లోపలికి ఉరకాల. నాయన అడిగేది అదే కదా?"

అవునన్నాను. అంతకన్నా బాగా నేనూ చెప్పలేను.

"ఏ కాన్వెంట్‌లో సదివినావమ్మా?" అని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడించాలని.

"కాన్వెంటా! పదో తరగతితో నిలిపేసినారు. ఇంట్లో మగ్గం కండెలకు దారం సుడతా, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని తుపాకుల ఆట ఆడేదాన్ని. నా టీములో ఒకడు పంజాబోడు, ఇంగొకామె కేరళ. అర్థం గాకపోతే ముందు సచ్చేది నేనే. అందుకని జల్దీ నేర్సుకుంటి."

ఆ మాటల మధ్యే ఓబులేసు వచ్చాడు. బెంగుళూరు వద్దు, ఇంటికి పోదామని కవిత అనగానే మండిపడ్డాడు. "ఏందిమే! పొద్దస్తమానం కాల్చు, కాల్చు అని ఫోన్లో అరిసేదానివి, డాక్టరమ్మ మాటకు నువ్వు అర్థం చెప్తావా? నీ ఆట ఇంగ్లీషు నమ్మి మా బావను ఇంట్లో పండబెట్టల్లనా?"

"ఆ పిల్లకు సరిగ్గానే అర్థమైంది ఓబులేసూ," అన్నాను. "నిన్న నీకు చెప్పిందే."

కవిత అతని వైపు చూసింది. "నిన్ననే చెప్పినారా మామా?"

ఓబులేసు ఐసీయూ తలుపు దాకా పోయి, చెప్పుల స్టాండు పక్కన నేల మీద కూలబడ్డాడు. "మా అక్క మొగం సూసి ఆ మాట నేనెట్ల చెప్పేది అమ్మీ? బెంగుళూరు దోవలో ఆ దేవుడే చెప్తాడులే అనుకుంటి."

అతని మీద నాకు కోపం రాలేదు. అంత బరువు ఒక్కడి నెత్తిన పెట్టింది మా పద్ధతే.

తల్లికి కవితే చెప్పింది. వార్డు వాకిట్లో చెయ్యి పట్టుకుని, "మా, నాయనకు ఇంగ తక్కువే ఉండాది. ఇంటికి పోదాం" అంది. ఆదిలక్ష్మమ్మ ఏడుస్తుందనుకున్నాను. "మగ్గం కాడ పండబెట్టల్ల. ఇంగేడ జాగా ఉండాది మనింట్లో?" అంది.

మాట్లాడిన ఆంబులెన్సులోనే ధర్మవరానికి పంపాం. ఆక్సిజన్ సిలిండరు ఎలా తిప్పాలో కవితకు చూపించాను. ఒక్కసారి చూపిస్తే చాలింది. స్ట్రెచర్ ఎక్కించేటప్పుడు రామాంజి కళ్ళు తెరిచి, "యాడికి?" అన్నాడు.

"ఇంటికే నాయనా."

మరుసటి పొద్దున డ్యూటీ మారే వేళకు వార్డు ఫోను మోగింది. కవిత. "నాయన పోయినాడు సిస్టరమ్మా. తెల్లారే ముందర. లోపలే." తరువాత, "డాక్టరమ్మ ఉండాదా?" అని అడిగింది.

ఫోను స్పీకరులో పెట్టి ఆమెకిచ్చాను. అవతల నుంచి ఎవరివో ఏడుపులు వినబడుతున్నాయి.

"మేడం, వీ రీచ్డ్," అంది కవిత. ఆ తరువాత ఇంగ్లీషు సాగలేదు. "మిగతాది ఎట్ల చెప్పాల్నో తెల్దు మేడం. ఆటలో సచ్చినోళ్ళు ఇంగో ఆటకు మళ్ళా వచ్చేస్తారు," అని తెలుగులోనే చెప్పి పెట్టేసింది.

డాక్టరమ్మకు అందులో ఎంత అర్థమైందో తెలియదు. నన్ను అడగలేదు. ఫోను నా చేతికిచ్చి ఏడో మంచం వైపు నడిచింది. అప్పటికే అక్కడ కొత్త పేషెంటు ఉన్నాడు, ఉరవకొండ వైపు రైతు. అతని ప్రోగ్నోసిస్ కూడా మంచిది కాదు. ఎప్పటిలాగే అతనితో వచ్చిన మగమనిషిని పిలవడానికి నేను వరండాలోకి పోతుంటే, ఆమె వెనక నుంచి పిలిచింది.

"సిస్టర్, అందరూ," అంది, తనకు వచ్చిన కొద్ది తెలుగులో.

అందరినీ లోపలికి పిలిచాను.