పాలనీళ్ల గంట

మేము రక్తపరీక్ష కిట్లు తయారుచేసే చోట ఆమెను అందరూ పాలక్క అనేవాళ్లు. పాలమ్ముతున్నందుకు కాదు, ఇరవై రెండేళ్లుగా ప్లాస్టిక్ ప్లేట్లలోని చిన్న చిన్న గుంటల్లో పాలపొడి నీళ్లు పోస్తున్నందుకు. ఆ పేరు పెట్టి నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

ప్రోటీన్ గట్టిగా అంటుకునేలా ఆ గుంటలకు ముందే రసాయనం పట్టించి ఉంటుంది. మేము వాటిలో జబ్బు క్రిమి ప్రోటీన్ అంటిస్తాం. రోగి రక్తంలో ఆ జబ్బుకు యాంటీబాడీలు ఉంటే వచ్చి దాన్ని పట్టుకుంటాయి. రంగు మందు పోస్తే నీలం తేలుతుంది. చిక్కల్లా మిగిలిన ఖాళీతోనే.

"ఖాళీ సీటు కనిపిస్తే ఎవడాగుతాడే? దారిన పోయే ప్రోటీనల్లా ఎక్కి కూర్చుంటుంది, జబ్బు లేకున్నా నీలం తేలుతుంది. అందుకే ముందే పాలతో కర్చీఫ్ వేసేస్తాం," అంది పాలక్క, నేను చేరిన రోజున. ఆ కర్చీఫ్ సరిగ్గా పడాలంటే గంట పడుతుంది.

కొత్త మేనేజరు ఆ గంటను పది నిమిషాలకు కోసేశాడు. పాలక్క వద్దని మొత్తుకుంది. చదువుకున్నది నువ్వా నేనా అన్నాడు. ఆమె తన రక్తం, లారీ డ్రైవరు రక్తం, నా రక్తం ఆ ప్లేటులో వేసి చూసింది. మూడూ నీలమే. ముగ్గురం గుండ్రాళ్లలా ఉన్నాం.

అయినా సరుకు లారీ ఎక్కించమన్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎక్కడో ఓ కడుపుతో ఉన్న పిల్లకు ఆ నీలం చూపించి, నీకు జబ్బుందని చెప్తారు. లేని జబ్బుకు ఆమె ఏడవాలి.

తనిఖీ కాగితం మీద సంతకం పెట్టనంది పాలక్క. మేనేజరు దాన్ని నా ముందుకు తోశాడు. ఉద్యోగం పోతుందని భయపడి పెట్టేశాను.

పాలక్క సూదీ ప్లేటూ తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది.

"మీ వేలివ్వండి సార్. నీలం రాకపోతే సరుకు నేనే ఎక్కిస్తా."

ఆయన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"ఊళ్లోవాళ్ల వేళ్లయితే ఫరవాలేదా?"

చెయ్యి బయటికి రాలేదు. లారీ మాత్రం నా సంతకంతో వెళ్లిపోయింది. మర్నాడు పాలక్కను గేటు దగ్గరే ఆపేశారు.

ఇప్పుడు పాలనీళ్లు పోసేది నేనే. పది నిమిషాలకే పారబోస్తాను. కొత్తగా చేరినవాళ్లు నన్ను పాలక్కా అని పిలుస్తారు. పిలిచినప్పుడల్లా నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.