మూడు తప్పుల మునినారాయణ

మునినారాయణకు ఒకే ఒక జబ్బు. పొగిడితే ఆయన ముఖం మాడిపోయేది, తప్పు పడితే వెలిగిపోయేది. తను రాసిన కంప్యూటర్ ప్రోగ్రాంను ఎవరడిగినా ఉచితంగా ఇచ్చేవాడు. షరతు ఒక్కటే: తీసుకున్నవాళ్లు దాంట్లో మూడు తప్పులు వెతికి చెప్పాలి.

ఈ జబ్బుతో అందరికంటే ఎక్కువ నలిగినవాడు సునీల్‌కుమార్. కన్నడనాట తెలుగు మాట్లాడే చింతామణి ఊళ్లో, బస్టాండు దగ్గర కంప్యూటర్లు అమ్మే అంగడి అతనిది. ఆ అంగడి మేడమీదే మునినారాయణ జీతానికి కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడు. తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని పల్లెల్లోని పాల డైరీల కోసం ప్రోగ్రాం రాశాడు. ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, వెన్న ఎంత, రేటు ఎంత అన్నీ లెక్కగట్టి చీటీ కొట్టిచ్చేది అది. రెండువేల నాలుగు నాటికి బాగేపల్లి దిక్కునా నంది దిక్కునా బోలెడు డైరీల్లో అదే నడిచేది.

“ఇట్ల పుక్కటగా ఇస్తాండావు, బతికేదెట్లన్నా?” అని సునీల్‌కుమార్ రోజూ తగులుకునేవాడు.

“పాఠం చెప్తే దుడ్డు తీసుకుంటాండా గదప్పా. రిపేరికి పోతే తీసుకుంటాండా.”

“మరి రాసిందానికో?”

“అది ఒగసారి రాసినా. నూరుమంది వాడినా అరిగిపోదు. అరగనిదానికి వెలేంది?”

“పుక్కటగా వచ్చిందాన్ని జనం విలువ చెయ్యరన్నా.”

“తప్పులు వెతుకుతాండారు గదా! అంతకంటే విలువ చేసేదెట్లప్పా?”

ఈ వెతుకులాట మాత్రం చూసి తీరాల్సిందే. ఒకరోజు నంది దిక్కు నుంచి గంగాధరప్ప అనే డైరీ సెక్రెటరీ సంతోషంగా మేడెక్కి వచ్చాడు.

“శానా బాగుండాదప్పా నీ ప్రోగ్రాం!”

మునినారాయణ ముఖం వాడిపోయింది. “బాగుండాదని చెప్పేకి మా అమ్మ ఉండాది. నువ్వు తప్పులు చెప్పు.”

“ఏమీ లేవప్పా.”

“లేకపోతే నువ్వు సరిగ్గా చూడలే.”

గంగాధరప్ప పైకి చూశాడు, కిందికి చూశాడు, చెమట తుడుచుకున్నాడు. “ఆ తెర నీలంగా ఉండాది గదా. దాన్ని చూస్తే మా బామ్మర్ది పెండ్లి చొక్కా మతికొస్తాది. కడుపులో తిప్పుతాది.”

మునినారాయణ కుర్చీలోంచి లేచి అతన్ని కౌగిలించుకున్నాడు. మర్నాటికి తెర ఆకుపచ్చగా మారింది.

బాగేపల్లి దిక్కు సెక్రెటరీ అంజినప్ప కథ ఇంకా ఘోరం. రెండు తప్పులు చెప్పి, మూడోది దొరక్క, ఏడాదిపాటు చింతామణి మొహం చూడలేదు. చివరికి మురుగమల్ల మీదుగా పోయే బస్సులో మునినారాయణ కంటబడ్డాడు. వెంటనే తువ్వాలు ముఖం మీద కప్పుకుని గురక మొదలుపెట్టాడు. మునినారాయణ పక్క సీట్లో చేరి, గురక ఆగేదాకా కాచుకుందామని చేతులు కట్టుకున్నాడు. దిగాల్సిన మురుగమల్ల వచ్చింది, పోయింది. ఇద్దరూ దిగలేదు. ఆఖరికి ఊపిరాడక అంజినప్ప తువ్వాలు విసిరేసి, “తేదీ మార్చేకి మూడుసార్లు నొక్కాల్సి వస్తాండాదప్పా!” అని అరిచాడు. బస్సంతా వెనక్కి తిరిగింది. అది నిజంగానే తప్పు. ఆనందం పట్టలేక మునినారాయణ అతనికి తిరుగు టికెట్టు కొనిపెట్టాడు.

రెండేళ్లకు బెంగళూరు నుంచి ఒక కంపెనీ మనిషి కారులో దిగాడు. ప్రోగ్రాంను మంచి ధరకు కొంటామన్నాడు. ఇక ముందు ఎవరికీ ఊరికే ఇవ్వకూడదు, వాడుతున్న డైరీలు కూడా కంపెనీ దగ్గర కొనుక్కోవాలి. ఈ చుట్టుపక్కల అమ్మే ఏజెన్సీ సునీల్‌కుమార్‌కే ఇస్తామనేసరికి అతనికి కాళ్లు నేలమీద నిలవలేదు.

“ముందు పనిచేసేది చూడండప్పా” అని మునినారాయణ ఇద్దరినీ మండికల్లు పక్క పల్లెకు తీసుకుపోయాడు. సాయంత్రం పాలవేళ. డైరీ ముందు క్యాన్లతో జనం బారులు తీరారు. కంపెనీ మనిషి అంతా చూసి, “ఒప్పందంలో రాయాలి. ఇది తయారుచేసింది మీరొక్కరేనా?” అని అడిగాడు.

మునినారాయణ ఏదో మీట నొక్కాడు. సునీల్‌కుమార్ ఎన్నడూ చూడని జాబితా ఒకటి, కన్నడ అక్షరాల్లో, తెర మీద పైకి పాకసాగింది. నీలం రంగు మాన్పించినవారు గంగాధరప్ప. తేదీ సులువు చేయించినవారు అంజినప్ప. ఇలా అరవైమూడు పేర్లు, వాటి పక్కన ఊర్లు. ఒకచోట కంపెనీ మనిషి ఆగిపోయాడు. పొద్దుటి చీటీకి సూర్యుణ్ణి, సాయంత్రం చీటీకి చంద్రుణ్ణి పెట్టించినవారు రామలక్ష్మమ్మ.

“ఈ ఇంజనీరెవరు?” అని నవ్వాడు.

“నేనేనప్పా!” అంది వరసలోంచి ఒక ముసలమ్మ, క్యాన్ దించుతూ. “సదువు రానోళ్లకు రెండు చీటీలూ ఒగటే మాదిరి ఉంటే ఏది ఎప్పటిదో ఎట్ల తెలిసేది? అదే చెప్తి. బొమ్మ ఏసినాడు.”

“చూస్తిరి గదా” అన్నాడు మునినారాయణ. “అరవైముగ్గురు దిద్దిందాన్ని నేనొగడే ఎట్ల అమ్మేది? మీరూ ఊరికే తీసుకోండప్పా.”

కంపెనీ మనిషి కారెక్కాడు. ఏజెన్సీ కూడా అదే కారెక్కి పోయింది. సునీల్‌కుమార్‌కు కడుపు మండిపోయింది.

“ఊరికే ఇచ్చేది ఇచ్చినావు. ఈ తప్పుల పిచ్చి ఏందన్నా మధ్యలో?”

మునినారాయణ గొంతు తగ్గించాడు. “ఊరికే తీసుకున్నోడు మన ముందర తల దించుకోని నిలబడతాడప్పా. తప్పు చెప్పేకి వచ్చినోడు ఎప్పుడన్నా తల దించినాడా, నువ్వే చెప్పు.”

సునీల్‌కుమార్ తెర మీది జాబితా వైపు మళ్లీ చూశాడు. ఇన్నేళ్లూ జబ్బనుకున్నది ఇదా! ఇంతలో రామలక్ష్మమ్మ అతని చొక్కా పట్టి లాగింది.

“నా పేరు యాడ రాసినాడప్పా?”

అతను తెర మీద వేలు పెట్టి చూపించాడు.

“సదువు.”

చదివాడు.

“ఇంగా గట్టిగా. ఊరి పేరు గూడా.”

ఊరి పేరుతో సహా చదివాడు. ఆమె వరసలో ఉన్న ఆడవాళ్ల వైపు తిరిగి, “వింటిరేమే?” అంది. వెంటనే వరస చెదిరిపోయి జనమంతా కంప్యూటర్ చుట్టూ మూగారు. మా ఊరోళ్లు ఇంగెవరుండారో చదువప్పా అంటే మా పుట్టినూరోళ్లు అని ఒకటే గోల. సునీల్‌కుమార్ గొంతు సవరించుకుని జాబితా మొదటినుంచి అందుకున్నాడు. ఒక్కో పేరూ ఒక్కో ఊరూ, ఆ ప్రోగ్రాం తనే రాసినంత గర్వంగా.