బావకు నేను పెట్టిన లంఖణం

నిమ్మకాయా తేనే కలిపిన గోరువెచ్చని నీళ్ల వాసన తగిలితే నాకు ఇప్పటికీ డోకొస్తుంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, గాజువాకలో ఒక కల్యాణమండపంలో ప్రకృతి వైద్యం ప్రసంగాలు జరిగేవి. తెల్లబట్టల మనిషొకడు మైకు పట్టుకుని, కడుపు మాడ్చుకుంటే ఒంట్లో కుళ్లు ఒంటికే ఆహారమైపోతుందని చెప్పేవాడు. బయట బల్ల మీద ఎనిమా డబ్బాలు, తేనె సీసాలు. జనం కళ్లకద్దుకుని కొనేవారు. వాడంటే నాకు రోత. కానీ ఇక్కడ చెప్పబోయే దాంట్లో పెద్ద తప్పు వాడిది కాదు, నాది.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి పోర్టులో క్రేన్ నడిపినవాణ్ని. చదవడం మాత్రం మానలేదు. రిటైరయ్యాక రోజూ గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు సైన్సు పత్రికలు చదివేవాణ్ని. ఒక దాంట్లో ఉంది: ఆకలేసిన జీవకణం తన లోపలి సరుకును తానే అరిగించుకుంటుందట. అది మితిమీరితే కణం చావనూ వచ్చునట. మూడు పేజీలు అర్థమయ్యాయి. మిగతావి కొరుకుడుపడక మూసేశాను.

అప్పుడే మల్కాపురంలో మా అప్ప (అక్క) మొగుడికి, అంటే మా బావకి, పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ తీసి, కీమో మందు ఎక్కిస్తున్నారు. కలాసీగా బస్తాలు మోసిన మనిషి. ఆ మండపానికి పోయొచ్చి నన్నడిగాడు.

"ఏటి బామ్మర్దీ, నువ్వు సదివినోడివి. లంఖణం పరమౌషధం అంతారు, నిజమేనేటి?"

నేను గొంతు సవరించుకుని పుస్తకాల తెలుగులో చెప్పాను: "నిజమే. మాడ్చితే చెడ్డ కణం తనను తానే తినేసి చస్తుంది."

అంతే. డోసుకీ డోసుకీ మధ్య వారానికి నాలుగైదు రోజులు నిమ్మనీళ్లు తప్ప ఏదీ ముట్టేవాడు కాదు. నెలన్నరలో భుజాల ఎముకలు చొక్కాలోంచి పొడుచుకొచ్చాయి. నోట్లోంచి మురిగిన పండు వాసన. డాక్టరు తూకం చూసి, వచ్చే సోమవారానికి ఒళ్లు పట్టకపోతే మందు ఎక్కించనన్నాడు.

నాకు భయమేసి ఆ పత్రిక మళ్లీ తీశాను. వదిలేసిన పేజీలు రెండు రోజులు చదివాను. కణం తనను తాను అరిగించుకునేది చాలావరకు చావడానికి కాదు, బతకడానికి. పాడైన భాగాలను తిని ఆ బలంతో చావును వాయిదా వేస్తుంది. కణంలో చావుకి ఏర్పాటు ముందే ఉంటుంది. దాన్ని ఆపి ఉంచే గొళ్లేల్లో ఒకటి, కణం తనను తాను తినడాన్నీ ఆపి ఉంచుతుంది. ఆకలేస్తే ఆ గొళ్లెం తినే వైపు ముందు వదులవుతుంది. చావు నిజంగా మొదలయ్యిందా, ఆ తినే సాధనాలనే ముక్కలు చేసేస్తుంది. క్యాన్సర్ కణం ఇదే ఎత్తుతో మందు దెబ్బను కూడా కాచుకోగలదట. అంటే నేను మాడ్చింది బావను. లోపలి శత్రువుకి బతికే దారి చూపించానేమో కూడా.

శుక్రవారం మల్కాపురం వెళ్లాను. అప్ప బాలింతలకు పెట్టే పాలసొర చేప పులుసు వండి కంచం ముందు పెట్టింది. బావ దాన్ని తోసేశాడు.

"నానేటి బాలింతనా, పాలసొర పెడతంది మీ అప్ప."

"ఆ తెల్లబట్టలోడు దొంగ బావా. తిను."

"ఆడి మాట నానెప్పుడిన్నాను? నువ్వు సెప్పినావని సేత్తన్నాను. ఇంకో నాలుగు రోజులు మాడితే పురుగు సస్తాది."

"డాక్టరు వద్దన్నాడు గదా."

"డాక్టరు డూటీ దిగి ఎలిపోతాడు. నువ్వు మా ఇంటోడివి."

నేను కణాలు, గొళ్లేలు అంటూ మొదలెట్టాను. అప్ప గరిటె కింద పెట్టింది.

"ఒరే, అయ్యన్నీ సాలు. తప్పు సెప్పినానని ముందు ఒప్పుకో."

అరవై ఏళ్లలో ఆ మాట ఎవరి ముందూ అన్నవాణ్ని కాదు. "సగమే సదివి సెప్పినాను బావా. మిగతా సగం దానికి అడ్డంగా ఉంది. తప్పు నాది" అన్నాను.

బావ తోసేసిన కంచం దగ్గరికి లాక్కున్నాడు. "అయితే నీ సదువుకి నా పొట్ట మాడినాదన్నమాట. పెట్టవే" అన్నాడు అప్పతో.

రెండు ముద్దలు దిగాయి. మూడోది పులుసుతో సహా నా చొక్కా మీదికొచ్చింది. అప్ప గుడ్డ తెస్తే నేనే లాక్కుని నేల తుడిచాను. ఆ పసరు కంపు కన్నా నా మీద నాకు పుట్టిన రోతే ఎక్కువ.

సోమవారానికి తూకం సరిపోలేదు. డాక్టరు ఇంకో వారం ఆగి మందు ఎక్కించాడు. ఆ వారమంతా పూటపూటకీ వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. బావ ముద్ద చేతిలో పట్టుకుని, "ఇది పూర్తిగా సదివినావా?" అని అడిగేవాడు. నేను తలూపే దాకా నోట్లో పెట్టేవాడు కాదు.